కుర్చీ కాళ్ల గీతలు

ఏడు కావడానికి పది నిమిషాలుంది. మా పేట గ్రంథాలయం గేటుకి ఇంకా తాళం వేసే ఉంది. గేటు ముందు పద్నాలుగు బ్యాగులు వరసగా ఉన్నాయి. వాటి తాలూకు మనుషులు ఎదురుగా చాయ్ బండి దగ్గర. వరసలో అన్నిటికన్నా ముందు ఒక ఇటుక, ఒక మూల విరిగింది. మొన్న కూడా ఉంది. గేటు కొట్టుకోకుండా అడ్డం పెట్టేదేమో. నోట్‌బుక్ తీసి ‘6:50. బ్యాగులు 14, ఇటుక 1’ అని రాసుకుంటాను.

ఇక్కడికి రావడం ఇది మూడోసారి. డిజైన్ కాలేజీలో ఈ సెమిస్టర్‌కి మాకిచ్చిన పని ఇదే. జనం వాడుకునే కట్టడాలు చూడాలి, చూసినచోటికే మళ్లీ వెళ్లాలి, ఏమీ డిజైన్ చెయ్యకూడదు. ఆ చివరి షరతుకే క్లాసులో సగంమంది గిలగిల్లాడారు. చేతిలో పెన్సిల్ ఉంటే దేన్నో ఒకదాన్ని బాగుచేసెయ్యాలని మాకు ఒకటే దురద.

తాళం తీశారు. జనం లోపలికి పోయే తీరుని పరుగనలేం, నడకా అనలేం. కిటికీ వెలుతురు పడే బల్లల్ని వదిలేసి అందరూ వెనక గోడకేసి పోతారు. నేను గీసే ప్లాన్‌లో అయితే కిటికీ పక్కదే మంచి సీటు. మొదటి రోజంతా బుర్ర గోక్కున్నాను. రెండో రోజు బల్ల కిందికి వంగి చూస్తే తెలిసింది, ప్లగ్గులు ఆ గోడకున్నాయి. హాలు మొత్తానికి రెండే. గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షకీ చదివేవాళ్ల పాఠాలు సగం ఫోన్లోనే ఉంటాయి. ఎవరో ఇంటినుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చారు. దానికి ఎనిమిది చార్జర్లు వేలాడుతున్నాయి.

హాలు నిండాక మిగిలినవాళ్లు ఆవరణలోకి వచ్చి, గోడవారన దొంతిగా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు లాక్కుంటారు. ఒకమ్మాయి వేపచెట్టు కింద కుర్చీ వేసింది. కూర్చోలేదు. దాన్ని బెత్తెడు ఎడమకి జరిపింది. అప్పుడు కూర్చుంది. పక్కన ఎవరూ లేరు, ఎండా లేదు, జరపడానికి కారణమే లేదు. నాకు ఒళ్లు జలదరించినంత పనైంది. విలియం వైట్ అనే ఆయన న్యూయార్క్ ప్లాజాల్లో కెమెరాలు పెట్టి జనం ఎక్కడ కూర్చుంటారో ఏళ్లతరబడి గమనించి 1980లో ఒక పుస్తకం వేశాడు. కదిలే కుర్చీ దొరికితే మనుషులు దాన్ని ఊరికే ఓ పిసరు జరిపిగానీ కూర్చోరని అందులో ఉంది. ఎక్కడి మన్‌హట్టన్, ఎక్కడి మా వేపచెట్టు!

ఎనిమిదిన్నర. చెట్టుకి పడమట ఉన్న నీడ కొంచెం ఉత్తరానికి ఒరిగింది. ఎవరూ పుస్తకంలోంచి తలెత్తరు. ఒక చెయ్యి కుర్చీ అంచు పట్టుకుంటుంది, కాళ్లు నేలని తంతాయి, కుర్చీ జరుగుతుంది. ఆ వెనకే పక్క కుర్చీ. పదకొండయ్యేసరికి మట్టినేల మీద నాలుగేసి గీతలు వంపు తిరిగి కనిపిస్తాయి. సాయంత్రం దాకా ఆగితే ఆ వంపు పడమట మొదలై, ఉత్తరం మీదుగా చెట్టుని చుట్టి తూర్పున తేలుతుంది. గొంతుక్కూర్చుని టేపుతో కొలుస్తున్నాను.

వాచ్‌మన్ తాత వచ్చి నెత్తిన నిలబడ్డాడు.

“ఏం కొలుస్తున్నవ్ బిడ్డా? మున్సిపాల్టోళ్లు పంపిన్రా?”

“కాదు తాతా, కాలేజీ పని. కుర్చీలు ఎటు పోతున్నాయో చూస్తున్నా.”

“నీడ ఎటు పోతే అటు పోతయ్. గీ మాత్రానికి కాలేజీ ఎందుకు?”

జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

ఆ శనివారం అఫ్జల్‌గంజ్ వెళ్లాను, స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి. 1891లో ఆసఫియా పేరుతో పుట్టిన సంస్థ. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1936లో వచ్చింది. 1908 వరద ఊడ్చుకుపోయాక నది పొడుగునా లేచిన పెద్ద కట్టడాల వరసలో ఇదొకటి. ఆ కమాను కిందినుంచి లోపలికి అడుగుపెట్టగానే గొంతు దానంతటదే తగ్గిపోతుంది. పైకప్పు ఎత్తే ఆ పని చేస్తుంది. ఒక పెద్దాయన కాళ్లదగ్గర టిఫిన్ క్యారియర్ పెట్టుకుని, పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా ప్రకటనలతో సహా చదువుతున్నాడు. కూతవేటు దూరంలో ఉస్మానియా ఆసుపత్రి. లోపలున్న రోగి తాలూకు మనిషి అనుకుంటాను. అడగలేదు. నా ప్లాన్‌లో ఆ బల్ల దగ్గర ఒక క్యారియర్ బొమ్మ మాత్రం గీశాను.

అక్కణ్ణుంచి సుల్తాన్‌బజార్ నడిచాను. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901 సెప్టెంబర్ 1న, సర్కారు భాష ఉర్దూ అయిన నిజాం రాజ్యంలో, తెలుగు పుస్తకాల కోసం కొమర్రాజు లక్ష్మణరావు వంటివాళ్లు పూనుకుని పెట్టిన గ్రంథాలయం. మొదట్లో అది రావిచెట్టు రంగారావు గారి ఇల్లే. చదివేవాళ్లు ముందొచ్చారు, భవనం తర్వాతొచ్చింది. మా స్టూడియోలో ఎప్పుడూ దీనికి తిరగేసి చేస్తాం.

పిన్నివాళ్ల ఇంటిపన్ను రసీదు చూస్తే ఇంకో సంగతి తగిలింది. పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఇన్నేళ్లుగా ఆ వేపచెట్టు కింది కుర్చీలో మా పిన్నికీ వాటా ఉందన్నమాట. ఆవిడ ఆ గేటు ఏనాడూ దాటలేదు.

నాలుగోసారి ఆరున్నరకే వచ్చేశాను. ఇటుక అప్పటికే ఉంది. ఈసారి నా బ్యాగూ వరసలో పెట్టి అడిగాను.

“అన్నా, ఈ ఇటుకెవరిది?”

“రాత్రి డ్యూటీ అన్నది. ఏడుంబావుకొస్తడు.”

తాళం తీశారు. అందరూ బ్యాగులు అందుకున్నారు. కుర్చీ జరిపిన ఆ అమ్మాయి వంగి ఇటుకని కూడా తీసుకుంది, చున్నీకి దుమ్ము అంటకుండా దూరంగా పట్టుకుని. నేను వెనకే వెళ్లాను. వెనక గోడ, ప్లగ్గు పక్క బల్ల. పాత పేపరు పరిచి ఇటుకని దాని మీద పెట్టి, తను బయటికి నడిచింది, కుర్చీ వెతుక్కోవడానికి.