తొలి తమిళ టాకీలో తెలుగు మాట

తొలి తమిళ టాకీ ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న విడుదలైంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసిన హెచ్.ఎం. రెడ్డిగారే దీనికీ దర్శకులు. బొంబాయిలో తయారైన ఈ చిత్రంలో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, నాయకుడు తెలుగులో బదులిచ్చాడు.

మరి ప్రేక్షకులకు ఎలా అర్థమైంది? జానపద కథే ఆదుకుందని నా నమ్మకం. చదువురాని పశులకాపరిని పండితుడని నమ్మించి రాకుమారికి కట్టబెట్టడం, కాళికాదేవి కరుణతో అతడు మహాకవి కావడం అందరూ చిన్ననాడే విన్నవి. అందుకే మాట తెలియకపోయినా కథ తెలిసింది.

నేడు ఆ సినిమా ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. కథ మాత్రం మన మాస్టార్ల నోట మనదాకా వచ్చింది. మిత్రులారా, దాన్ని మన మనవలకు చెప్పాల్సింది ఇక మనమే.