ఊరికి పేరు తెచ్చిన ఊరూ పేరూ లేని చేతులు

ఊరి పేరు సరుకు పేరుగా మారడం నరసాపురానికి కొత్త కాదు. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు (జిఐ) వచ్చినప్పుడు, గోదావరి ఒడ్డునున్న ఒక చిన్న పట్నానికి దక్కిన గౌరవమని అందరం సంతోషించాం. కానీ అంతకు మూడు వందల ఏళ్ళకు ముందే ఆ ఊరి పక్కనున్న మాధవాయపాలెం పేరు ఓడలెక్కి ఐరోపా చేరింది. 17వ శతాబ్దంలో అక్కడ ఓడలు కట్టేవారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం నడిచేది. అక్కడి నుంచి వెళ్ళిన నూలుబట్టను తెల్లవాళ్ళు ఊరి పేరుతోనే పిలిచారు. నోరు తిరగక మాధవాయపాలెం 'మడపోలం' అయింది. ఒక రకం మెత్తని నూలుబట్టకు పేరుగా ఆ మాట ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. ఆ బట్ట నేసిందెవరో, ఆ నూలు వడికిన ఆడవాళ్ళెవరో ఏ నిఘంటువూ చెప్పదు.

మన స్థానిక కళల పేర్లన్నీ ఇలాగే ఉంటాయి. కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక లక్కబొమ్మ, చేర్యాల నకాశీ, వెంకటగిరి చీర. ముందు ఊరు, వెనక వస్తువు. చేసిన మనుషులు ఆ రెండు మాటల మధ్య ఖాళీలో ఎక్కడో ఉండిపోతారు. ఊరి అస్తిత్వం, స్థానిక కళ అని మనం గర్వంగా చెప్పుకునేటప్పుడు ఆ ఖాళీని ఎవరు నింపారన్న ప్రశ్న స్త్రీవాద చరిత్ర వేయక తప్పదు. నరసాపురం లేసు దగ్గర ఆ ప్రశ్న మరీ సూటిగా తగులుతుంది. ఎందుకంటే ఆ లేసు దాదాపు మొత్తం ఆడవాళ్ళే అల్లారు. అల్లినవాళ్ళను పనివాళ్ళుగా గానీ కళాకారులుగా గానీ ఎవరూ లెక్కపెట్టలేదు.

లేసు ఇక్కడి విద్య కాదు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు భార్యలతో సహా 1836లో మన దేశానికి వచ్చి, గోదావరి డెల్టాలో నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశారు. 1833 నాటి ఘోరమైన కరువు ఆనవాళ్ళు అప్పటికింకా పోలేదు. మిషన్ నీడకు చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. స్కాట్లండు నుంచి వచ్చిన మాక్రే దంపతులు 1844 ప్రాంతంలో ఇక్కడి ఆడవాళ్ళకు లేసు అల్లడం నేర్పారని స్థానికంగా చెప్పుకుంటారు. కొక్కెం ఉన్న సన్నని సూది ఒకటి, దారపు ఉండ ఒకటి. పెట్టుబడి అంతే. అల్లినవాటిని మిషనరీలు స్వదేశంలోని స్నేహితులకు పంపేవారు, వాళ్ళు అమ్మిపెట్టేవారు. అంటే ఈ ఊరి కళగా ఇవాళ మనం చెప్పుకుంటున్న దానిలో మొదటి ముడులు వేసిన చేతులు ఎక్కువగా దళిత క్రైస్తవ స్త్రీలవి. ఊరి వైభవం చెప్పుకునేటప్పుడు ఈ మొదటి అధ్యాయం తరచుగా 'మిషనరీలు నేర్పారు' అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. నేర్పినవాళ్ళ పేరైనా మిగిలింది. నేర్చుకున్నవాళ్ళు బహువచనంగా మాత్రమే మిగిలారు.

లేసు కులం గడప దాటడానికి గోదావరి నీళ్ళు కారణమయ్యాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలొచ్చాయి, వరి విరగపండింది, వ్యవసాయం చేసే శూద్ర కులాల చేతుల్లో డబ్బు ఆడింది. కాస్త కలిగిన కుటుంబం తన హోదాను లోకానికి చూపించుకునే మార్గాల్లో మొదటిది ఇంటి ఆడవాళ్ళను పొలం నుంచి తప్పించి ఇంట్లో కూర్చోబెట్టడం. మన సమాజంలో ఇది చాలా పాత పద్ధతి. కాపు కుటుంబాల్లో ఘోషా గౌరవచిహ్నమైంది. అయితే కాలువ నీళ్ళు అందరి పొలాలకూ ఒకేలా పారలేదు. చిన్న రైతుల ఇళ్ళలో గౌరవం వచ్చింది గానీ డబ్బు రాలేదు. గడప దాటకూడదు, నాలుగు డబ్బులు మాత్రం కావాలి. ఈ రెంటికీ సరిగ్గా అతికిన పని లేసు. ఇంట్లో కూర్చుని, వంటకీ వంటకీ మధ్య, పిల్లను ఒళ్ళో వేసుకుని చేసుకోవచ్చు. బయటివాళ్ళకి అది పనిలా కనిపించదు. ఆ కనిపించకపోవడమే దాని అసలు విలువ.

ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టిన పుస్తకం 1982లో వచ్చింది. జర్మన్ స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ (ఆమె 2023లో కన్నుమూశారు) అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం నరసాపురం ప్రాంతంలో చేసిన అధ్యయనం అది. 'నరసాపురం లేసు అల్లేవాళ్ళు' అని దాని పేరు. భారతీయ గృహిణులు ప్రపంచ మార్కెట్ కోసం ఉత్పత్తి చేస్తున్నారని ఉపశీర్షిక. ఆ ఉపశీర్షికలోనే వైరుధ్యమంతా ఉంది. లేసు అల్లే స్త్రీల సంఖ్య లక్ష దాటుతుందని అప్పటి అంచనా. వాళ్ళు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు పనిచేస్తారు. ఇంటిపని దానికి అదనం. చేతికొచ్చేది రోజుకు రూపాయి కూడా కాదు. ఒకరు పువ్వులు అల్లితే, ఒకరు వాటిని అతుకుతారు, ఇంకొకరు అంచు కడతారు. పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో పువ్వు అల్లినామెకు తెలియకపోవచ్చు. దారం ఇచ్చేది, సరుకు పట్టుకుపోయేది, ఎగుమతి చేసేది మగవాళ్ళు. 1970లలో ఎగుమతులు పెరిగేకొద్దీ, బేరసారాల్లో కాస్తో కూస్తో ఉన్న ఆడవాళ్ళు కూడా పక్కకు జరిగిపోవడాన్ని మీస్ నమోదు చేశారు. తమ భార్యల చేతిపని మీద ఏజెంట్లుగా, వ్యాపారులుగా ఎదిగినవాళ్ళున్నారు. ఆడవాళ్ళు మాత్రం గృహిణులుగానే ఉండిపోయారు. ఈ ప్రక్రియకు ఆమె పెట్టిన పేరును 'గృహిణీకరణ' అనుకోవచ్చు. ప్రపంచవ్యాప్తంగా స్త్రీవాద ఆలోచనను మలుపు తిప్పిన ఒక భావన మన వసిష్ఠ గోదావరి ఒడ్డున, మన ఆడవాళ్ళ చేతివేళ్ళ మధ్య పుట్టిందన్న సంగతి తెలుగు సాహిత్య విద్యార్థులుగా మనకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కూలి లెక్క కాదు, కూలితో ముడిపడిన కులం లెక్క. పొలం పనికి వెళ్ళే దళిత స్త్రీకి వచ్చే కూలి, లేసు అల్లే కాపు స్త్రీ సంపాదన కంటే ఎక్కువ. అయినా లేసు అల్లే స్త్రీ తన స్థితే మెరుగనుకుంటుంది. 'మేం బయటికి వెళ్ళి పనిచేసేవాళ్ళం కాదు' అన్న మాటలో ఉన్న గౌరవం ఆ తేడా డబ్బును పూరిస్తుంది. సమాజపు అస్తిత్వాన్ని కళ వ్యక్తం చేస్తుందని మనం తేలిగ్గా అంటాం. ఇక్కడ లేసు వ్యక్తం చేసిన అస్తిత్వం ఏది? ఒక కులం మర్యాద. కూర్చున్న స్త్రీ శరీరం మీద నిలబడిన మర్యాద. ఆ మర్యాదే ఆమెనూ, పొలంలోని స్త్రీనీ ఒకరి కష్టం ఒకరికి కనపడకుండా చేసింది. ఒకప్పుడు అదే సూది ఆ దళిత స్త్రీ అమ్మమ్మ చేతిలో మొదలైందన్న సంగతినీ మరిపించింది.

మన భాష కూడా ఈ పనిలో చేయి వేసింది. 'అల్లిక' అన్న మాట చూడండి. పెద్దన గురించి మాట్లాడితే అల్లిక అంటే కవితాశక్తి. దాని బిగువు గురించి విమర్శకులు పేజీలు నింపుతారు. అదే మాట బహువచనమై కుట్లూ అల్లికలూ అయ్యేసరికి ఆడపిల్లల కాలక్షేపమైపోతుంది. సంస్కరణ కాలం నుంచి స్త్రీవిద్యలో కుట్లూ అల్లికలూ ఒక పాఠ్యాంశం. తీరిక వేళను సద్వినియోగం చేసుకునే గృహిణి ఆ కాలపు ఆదర్శం. తీరిక అన్న మాటే ఇక్కడ కీలకం. తీరిక వేళ చేసిన దానికి గంటల లెక్క ఉండదు, గంటల లెక్క లేనిదానికి కూలి రేటు ఉండదు. జనాభా లెక్కలవాడు వచ్చి 'ఏం చేస్తావమ్మా?' అంటే 'ఏం లేదు, ఇంట్లోనే' అనే జవాబు వస్తుంది. ఎనిమిది గంటల పని ఆ 'ఏం లేదు'లో కలిసిపోతుంది.

కళ, చేతిపని అన్న విభజన కూడా అమాయకమైంది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పక్కన పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. అదీ చిన్న పట్నం కళే. అదీ ఒక దశలో అంతరించిపోయే స్థితికి వచ్చింది. 1950లలో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శిక్షణ మొదలై మళ్ళీ ఊపిరి పోసుకుంది. అక్కడ కలం పట్టినవాళ్ళకు పేర్లున్నాయి. జొన్నలగడ్డ గుర్రప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. న్యాయంగానే వచ్చింది. రామాయణ భారతాలు బట్ట మీద బొమ్మలుగా చెప్పేవాడు కళాకారుడు. పువ్వు పక్కన పువ్వు అల్లే ఆమె ఎంత నేర్పరి అయినా 'వర్కరు', అదీ పూర్తిగా కాదు. కథ చెప్పేదే కళ అన్న మన కొలబద్దలో, కథ లేని రేఖాగణితానికి చోటు లేదు. సంతకం పెట్టడానికి బట్టలో ఒక మూల కావాలి. బల్లగుడ్డను ముగ్గురు నలుగురు ముక్కలుగా అల్లినప్పుడు ఆ మూల ఎవరిది?

అయితే లేసు స్త్రీలది మొత్తం అణచివేత కథేననీ, అందులో వాళ్ళదంటూ ఏమీ లేదనీ అనలేను. మార్కెట్‌కి వెళ్ళిన లేసు ఒకటి, ఇంట్లో మిగిలిన లేసు ఒకటి. కోస్తా జిల్లాల ఇళ్ళలో పెరిగిన మనలో చాలామందికి ఈ రెండోది బాగా తెలుసు. గుమ్మానికి తోరణం, టీవీ మీద గుడ్డ, దిండు గలీబుల అంచు, పసిపిల్లల టోపీ, చర్చిలో బల్ల మీద పరిచే తెల్లని గుడ్డ, జాకెట్టు చేతుల చివర అరంగుళం అల్లిక. ఇవి ఎవరూ ఆర్డరిచ్చినవి కావు. నమూనా పక్కింటి నుంచి వచ్చేది, ఒక పువ్వు మార్చుకుని ఎదురింటికి వెళ్ళేది. మా బంధువుల్లో ఒక పెద్దమ్మ, గుడ్డ చేతిలోకి తీసుకుని ముడి బిగువు వేలితో నిమిరి, ఇది ఫలానావాళ్ళ చేయి అని చెప్పేది. అంటే సంతకం ఉంది. చదవగలిగినవాళ్ళు ఆ అరుగుల మీదే ఉన్నారు. మనం సాహిత్యంలో శైలి అనేది సరిగ్గా దాన్నే కదా! విమర్శ చదువుకున్న మనకు ఆ లిపి రాదు, అంతే.

ఇది విదేశీ విద్య కదా, మన ఊరి అస్తిత్వం ఎలా అవుతుందని అడిగేవాళ్ళూ ఉన్నారు. మిరపకాయ కూడా సముద్రం దాటి వచ్చిందే. ఇవాళ గుంటూరు పేరు చెప్పకుండా దాని సంగతి మాట్లాడలేం. ఒక కళ ఒక ఊరిది కావడానికి అక్కడ పుట్టి ఉండనక్కర్లేదు. అక్కడివాళ్ళ బతుకు దానిలో ఇంకి ఉండాలి. ఏడెనిమిది తరాల స్త్రీల చూపు, నడుము, వేళ్ళు ఇంకిన లేసు నరసాపురానిది కాకపోతే మరెవరిది? అస్తిత్వానికి పుట్టుకనే ప్రమాణంగా తీసుకునే వాదాలు ఎప్పుడూ చివరకు ఎవరినో ఒకరిని బయటికి నెడతాయి. ఇక్కడ నెట్టేది మొదటి ముడి వేసిన దళిత క్రైస్తవ స్త్రీలనే.

ఇప్పుడు జిఐ దగ్గరికి వద్దాం. చైనా నుంచి వచ్చిపడిన యంత్రాల లేసుతో ఈ శతాబ్దం మొదటి నుంచీ దెబ్బతింటూ వచ్చిన పనికి ఈ గుర్తింపు అవసరమే. యంత్రం మీద తయారైనదాన్ని నరసాపురం పేరుతో అమ్మకుండా అడ్డుకోవచ్చు. కానీ 1999లో వచ్చిన ఈ చట్టం కాపాడేది పేరును. కూలిని కాదు. ఆ పేరును ఒక సంఘమో సంస్థో నమోదు చేయించుకుంటుంది. ఆ పేరుతో అమ్ముకునే హక్కు కావాలంటే అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ఆ రిజిస్టర్లో ఎవరి పేర్లు ఎక్కుతాయన్నదే అసలు ప్రశ్న. ఎగుమతిదారులవి మాత్రమే ఎక్కితే ఊరికి పేరొస్తుంది, లాభం పాత దారిలోనే పోతుంది. అల్లే స్త్రీలు ఒక్కొక్కరూ, లేదా తమ సంఘాల ద్వారా, ఉత్పత్తిదారులుగా నమోదైతే, బహుశా మొదటిసారి ఒక ప్రభుత్వ పత్రం వాళ్ళను గృహిణి అన్న మాటకు బయట గుర్తిస్తుంది. అల్లికకు గంటల లెక్కన కూలి రేటు కట్టాలన్న డిమాండు కూడా దాని వెనకే రావాలి. ఇంట్లో కూర్చుని చేసే పని కూడా పనేనని చెప్పే ఒడంబడికను అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఆమోదించింది. దాని కోసం పోరాడినవాళ్ళలో మన దేశపు 'సేవా' సంఘం స్త్రీలు ముందున్నారు.

మనవంతు పని కూడా ఒకటుంది. ఊరి చరిత్రలు రాసేటప్పుడు జమీందార్లు, కవులు, స్వాతంత్ర్య సమరయోధుల పేర్ల తర్వాత 'ఈ ఊరు లేసుకు ప్రసిద్ధి' అని ఒక వాక్యం రాసి ఊరుకుంటున్నాం. అల్లినవాళ్ళలో పెద్దతరం ఇంకా మన మధ్య ఉంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పువ్వుకు ఏ పేరు పెట్టుకున్నారో, మొదటి కూలి డబ్బుతో ఏం కొనుక్కున్నారో వాళ్ళకు గుర్తుంది. అది వాళ్ళ పేర్లతో, వాళ్ళ మాటల్లో నమోదు కావాలి. మాధవాయపాలెం విషయంలో అడగడానికి ఎవరూ మిగల్లేదు. నరసాపురంలో మిగిలారు.