విక్టోరియా పెద్దల సభలో మధ్య మండలము

శిస్తు లెక్కను బట్టి వోటు నిచ్చిన కాలమును గూర్చి మన గ్రామములలోని పెద్దలు తమ తండ్రుల వలన విని యుందురు. అట్టి నియమముతోనే ఆస్ట్రేలియాలో 1856లో పుట్టి, 1882లో మాసిపోయిన యొక నియోజకవర్గపు కథను నేడు మనవి చేసెదను. దాని పేరు మధ్య మండలము.

విక్టోరియా 1851లో ప్రత్యేక వలసరాజ్య మయ్యెను. ఆ యేటనే అచట బంగారము బయల్పడెను. అప్పటికి 77 వేలున్న జనము పదేండ్లలో 5 లక్షల 40 వేలకు చేరెను. ఇంతమంది కొత్తవారి చేతికి అధికారము చిక్కునేమో యని ఆస్తిపరులు జంకిరి. కావుననే 1855 నాటి రాజ్యాంగములో ప్రజల సభకు పైన పెద్దల సభను నిలిపిరి. దానికి ఆరు మండలములు, మండలమునకు ఐదుగురు చొప్పున 30 మంది సభ్యులు. మెల్బోర్న్ నగరమును, దాని పరిసరములును మధ్య మండల మయ్యెను.

సభ్యుడు కాగోరువానికి 30 ఏండ్ల వయస్సును, 5,000 పౌనుల విలువ గల భూమియు నుండవలెను. వోటరునకైన 1,000 పౌనుల ఆస్తి కావలెను. పట్టభద్రులకు, న్యాయవాదులకు, వైద్యులకు, మతగురువులకు మాత్రము ఆస్తి లేకున్నను వోటు గలదు. సభ్యుని గడువు పదేండ్లు. రెండేండ్ల కొకరు చొప్పున దిగిపోవుదురు. సభను రద్దుచేయు నధికారము గవర్నరునకు సైతము లేదు. తూము లేని చెరువు కట్టినట్లే యని నా కనిపించును.

1856 ఏప్రిల్ 21వ తేదీన మెల్బోర్న్ తాపీపనివారు ఎనిమిది గంటల పనిదినము కోరి ఊరేగుచు, అప్పుడు కట్టబడుచున్న శాసనసభా భవనము వరకు నడచిరి. ఆ గోడలు లేపిన చేతులలో పెద్దల సభకు వోటు వేయదగినవి ఎన్ని యుండెనో శ్రోతలే యూహింతురుగాక.

మధ్య మండలపు తొలి సభ్యులలో జాన్ పాస్కో ఫాక్నర్ కథ విచిత్రమైనది. ఆయన శిక్షపడి ద్వీపాంతరము వచ్చిన వాని కుమారుడు. 1803లో బాలుడుగా తండ్రి వెంట వచ్చెను. 1814లో ఖైదీలు పారిపోవుటకు తోడ్పడెనను నేరమునకు 500 కొరడాదెబ్బలును, మూడేండ్ల కఠినశ్రమయు శిక్షగా పొందెను. రొట్టెలు కాల్చెను, కలప కోసెను, పూటకూళ్ల యిల్లు నడపెను. 1835లో మెల్బోర్న్ నివాసము నెలకొల్పినవారిలో నొకడు. 1838లో అచ్చుయంత్రము లేక పత్రికను చేతివ్రాతతో వెలువరించెను. 1845లో దివాలా యెత్తెను. అట్టివాడు ధనవంతుల సభలో 1869లో మరణించువరకు కూర్చుండెను! వయస్సు మీరిన కొలది ఆయన భావములు పాతదారికే మొగ్గెను. కష్టపడి మేడ యెక్కినవారికి నిచ్చెనపై మమకారము తగ్గుట మన యూళ్లలోను కననిది కాదు.

ఇంతలో 1857లో ప్రజల సభకు పురుషుల కందరికిని వోటు వచ్చెను. ఇక రెండు సభలకు పొత్తు కుదురలేదు. పెద్దల సభ ధన బిల్లులను సవరింపరాదు గాని త్రోసివేయవచ్చును. జీతము లేనిచో కూలివాడు సభ కెట్లు వచ్చునని తలచి, ప్రధానమంత్రి గ్రాహం బెర్రీ 1877లో సభ్యుల జీతమును సాలుసరి ఖర్చుల బిల్లులోనే చేర్చెను. పెద్దల సభ బిల్లునే నిలిపివేసెను. ఖజానాలో సొమ్ము లేదని చెప్పి మంత్రివర్గము 1878 జనవరిలో న్యాయమూర్తులు మొదలుకొని పెక్కుమంది ఉద్యోగులను తొలగించెను. ఆ ఘటనకు నల్ల బుధవారమని పేరు నిలిచెను. ఆస్తిపరుల మొండితనమును నేను మెచ్చను గాని, రెండు సభల తగవులో ఉద్యోగుల కుండలు చల్లారుటయు న్యాయము కాదు.

తుదకు 1881 నాటి సంస్కరణ చట్టముతో వోటరు ఆస్తి 10 పౌనుల సాలుసరి విలువకు దిగెను. 1882లో ఆరు మండలములు పోయి, 14 మండలములును, 42 మంది సభ్యులును వచ్చిరి. మధ్య మండలము అంతటితో రూపుమాసెను. అయినను ఆస్తి నియమము పూర్తిగా తొలగుటకు 1950 వరకు పట్టినది. 2006లో మండలము లను పేరు సైతము పోయి, ఎనిమిది ప్రాంతము లేర్పడెను. నేడు మెల్బోర్న్‌లో స్థిరపడి పౌరులైన మన తెలుగువారు ఆ సభకు వోటు వేయుచున్నారు. ఫాక్నర్ కూర్చుండిన భవనములోనే సభ్యులు నేటికిని సమావేశమగుచున్నారు.