తొడ తునక పుట్టుపూర్వోత్తరాలు

1868లో చార్లెస్ డార్విన్ ఒక తీర్పు చెప్పేశాడు. లోకంలోని ఇంటి కోళ్ళన్నిటికీ మూలపురుషుడు ఒక్కడే, వాడు ఎర్ర అడవికోడి అని. నూట నలభై ఏళ్ళ పాటు ఆ మాటకు పెద్దగా ఎదురు లేకపోయింది. 2008లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, మరికొందరు కలిసి కోడి తోలుకూ కాళ్ళకూ పసుపు రంగు ఎక్కడిదని వెతికారు. ఆ జన్యువు ఎర్ర కోడి దగ్గర దొరకలేదు. బూడిద రంగు అడవికోడి దగ్గర దొరికింది. ఆ పక్షి పుట్టిల్లు మన దక్షిణాది కొండలూ తుప్పలూ. ఎప్పుడో ఒకనాడు ఏ ఊరి అంచునో ఆ అడవి పుంజు ఇంటి పెట్టను కలిసింది. ఆ కలయిక రంగును ఇవాళ అమెరికాలో, చైనాలో, బ్రెజిల్‌లో కోట్ల కోళ్ళు కాళ్ళకు వేసుకుని తిరుగుతున్నాయి.

అనంతపురం జిల్లా తాడిపత్రి వంటింట్లో ఈ కథకు ఒక మెలిక పడుతుంది. ఇక్కడ నాటుకోడిని కోశాక ఈకలు పీకి, మంట మీద కాల్చి, ఒళ్ళంతా పసుపు రుద్ది, కడిగి, ఆ తర్వాతే తునకలు కొడతారు. పుట్టుకతోనే పసుపు పూసుకొచ్చిన పక్షికి మనవాళ్ళు మళ్ళీ పసుపు పూస్తున్నారన్నమాట! బ్రాయిలర్ కొట్లో సంగతి వేరు. అక్కడ అడిగే మొదటి ప్రశ్న ‘స్కినా, స్కిన్‌లెస్సా?’ చాలామంది స్కిన్‌లెస్ అంటారు. తోలు ఒలిచి డబ్బాలోకి విసిరేస్తారు. ప్రపంచ కోడికి దక్కను పెట్టిన పసుపు దక్కనులోనే చెత్తలోకి పోతోంది.

ఈ బూడిద కోడికి లాటిన్ పేరు ఫ్రెంచి ప్రకృతి పరిశోధకుడు సొనరా పేరు మీద వచ్చింది. ఆయన 18వ శతాబ్దంలో దక్షిణ భారతంలో తిరిగినవాడు. దాని మెడ ఈకల మీద మైనపు చుక్కల్లాంటి మెరుపు ఉంటుంది. ఇంగ్లండు దొరలు ఆ ఈకల్ని దిగుమతి చేసుకుని, చేపలకు ఎరగా వేసే దొంగ ఈగలు కట్టుకునేవారు. తాడిపత్రి కోడి పులుసుకు దీనితో సంబంధం లేదు. అయినా ఇంత మంచి సంగతిని వదిలెయ్యడానికి మనసొప్పదు.

కోడి మచ్చికైన కథలో మొదటి అధ్యాయాలు పలచన. 2022లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం, ఇంటి కోడివని గట్టిగా చెప్పగలిగిన అతి పాత ఎముకలు థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికాయి. కాలం క్రీస్తుపూర్వం 1650 నుంచి 1250 మధ్య. ధాన్యం పండించే ఊళ్ళ చుట్టూ గింజలకు ఆశపడి వచ్చిన అడవి కోళ్ళు అక్కడే ఉండిపోయాయట. మన ధర్మశాస్త్రకారులకు మాత్రం ఊరకోడి గిట్టలేదు. మనుస్మృతి గ్రామకుక్కుటాన్ని ద్విజులకు నిషేధించింది. ఊళ్ళో చెత్త గీరుకుని తినే పక్షి కదా, ఆ మాట అర్థం కానిదేమీ కాదు. ఊరు మాత్రం ఆ నిషేధాన్ని పట్టించుకున్నట్టు లేదు.

12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో మాంసం వంటలున్నాయి, కోడిపందేలూ ఉన్నాయి. పల్నాటి కథలో బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ మధ్య రాజ్యాన్ని తేల్చింది కోడిపందెం. వినుకొండ వల్లభరాయుడి క్రీడాభిరామం ఓరుగల్లు వీధుల్లో పందెం పుంజుల్ని కళ్ళకు కట్టిస్తుంది. తెలుగు సాహిత్యంలో కోడి కొట్లాడినంతగా ఉడకలేదు. కవులు బరి దగ్గర నిలబడ్డారు గాని పొయ్యి దగ్గరికి రాలేదు. పొయ్యి దగ్గర జరిగింది తెలియాలంటే పరాయి దేశం యాత్రికులను ఆశ్రయించాల్సిందే.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వాడు డొమింగో పాయెస్ అంగడి ధరలు రాసుకున్నాడు. పట్నంలో ఒక ఫణానికి మూడు కోళ్ళు, పట్నం బయట నాలుగు. ఫణమంటే చిన్న బంగారు నాణెం. ఆ ఒక్క కోడి తేడాలో ఒక మహానగరం ఆర్థికశాస్త్రం మొత్తం ఉంది. పల్లె నుంచి గంప మోసుకొచ్చిన వాడి కూలి, దారి సుంకం, పట్నం వాడి ఆకలి, అన్నీ కలిస్తే ఒక కోడి. కృష్ణదేవరాయల యుద్ధాల మీద పుస్తకాలు రాసినవాళ్ళు ఈ నాలుగో కోడి మీద ఒక పేజీ అయినా రాసి ఉండాల్సింది.

పదిహేనేళ్ళకు అటూ ఇటూగా వచ్చిన ఫెర్నావో నూనిజ్ గుర్రాల వ్యాపారి, అతని చూపు ఇంకా చురుకు. విజయనగర రాజులు ఆవునూ ఎద్దునూ తప్ప అన్నీ తింటారని రాశాడు. వేటమాంసం, పంది, జింక, కౌజు, కుందేలు, గువ్వ, పిచ్చుక దాకా జాబితా పోతుంది. ఎలుకలూ పిల్లులూ తొండలూ అందులో ఉన్నాయి. ఆ వివరం నిజమో, ఎవరో దొరకు చెప్పిన వేళాకోళమో అన్నది పాఠకుడి విచక్షణకే వదలాలి. అసలు విశేషం ఆ తర్వాతి మాటలో ఉంది. అంగట్లో వేట జంతువుల్నీ పక్షుల్నీ ప్రాణంతోనే అమ్మాలట. ఎందుకంటే కొనేవాడికి తాను కొంటున్నదేమిటో తెలియాలి.

సరిగ్గా ఆ కాలానికే తాడిపత్రికీ మంచి రోజులు. గండికోట పెమ్మసాని నాయకులు విజయనగరానికి సామంతులు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊళ్ళో చింతల వెంకటరమణుడి గుడి వాళ్ళ చలవే. రామలింగేశ్వరుడి గుడి గోపురాలు నేటికీ పూర్తికాలేదు. ఆ సగం గోపురాల మీది చెక్కడం చూసి 19వ శతాబ్దంలో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ ముచ్చటపడి రాశాడు. గర్భగుడిలో లింగం కింద ఎండాకాలంలోనూ నీటి బుగ్గ ఊరుతుంది. చినుకు కోసం మొగం వాచే అనంతపురం సీమలో అదే పెద్ద మహిమ. వెంకటరమణుడి విగ్రహం చింతమాను తొర్రలో దొరికిందని స్థలపురాణం.

ఇన్ని రాళ్ళు చెక్కిన శిల్పులూ ఒడ్డెలూ బండ్లవాళ్ళూ ఏం తిన్నారో ఏ శాసనమూ పట్టించుకోలేదు. వాళ్ళ సట్టిలో ఏం లేదో మాత్రం చెప్పొచ్చు. మిరపకాయ లేదు. పాయెస్ వచ్చేనాటికి పోర్చుగీసు వాళ్ళు ఈ గడ్డ మీద కాలుపెట్టి పాతికేళ్ళయినా కాలేదు. మెక్సికో నుంచి వాళ్ళ ఓడల్లో వచ్చిన మిరప అప్పటికి తీరం దాటి పల్లెకు చేరలేదు. చెనిక్కాయా లేదు. దాని సొంతూరు దక్షిణ అమెరికా. టమాటా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉన్నవి మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ధనియాలు, ఇంగువ, చింతపండు, నువ్వుల నూనె. అంటే ఆ రోజు కోడి పులుసు ఎర్రగా కాదు, ముదురు గోధుమ రంగులో ఉండి ఉండాలి. నాలుక చురుక్కుమనేది కాదు, గొంతులో నిదానంగా వేడెక్కేది. ఆ రుచి ఎవరికైనా కావాలంటే నేడు కూడా చేసుకోవచ్చు. బాలింతకు పెట్టే మిరియాల కారం కోడి కూర దానికి దగ్గరి చుట్టం. ఎర్రకారం లేనిదే సీమ లేదని రొమ్ము చరుచుకునే వాళ్ళకు తాతల తాతలు ఒక్క మిరపకాయైనా నమలకుండానే కోటలు కట్టారని గుర్తుచెయ్యాలి.

1565 తర్వాత విజయనగరం పోయింది. గోల్కొండ వచ్చింది, మీర్ జుమ్లా గండికోటను పట్టాడు, పాళెగాళ్ళు లేచారు, 1800లో నిజాము ఈ జిల్లాల్ని కుంపిణీకి దత్తం చేశాడు, కలెక్టరుగా మన్రో దొర వచ్చాడు. ఈ రెండొందల చిల్లర ఏళ్ళలో ఏనాడో మిరప చేనెక్కింది, రోట్లో పడింది. చెనిక్కాయ ఇంకా ఆలస్యం. 20వ శతాబ్దంలో గాని అది జిల్లాను కమ్మెయ్యలేదు. పక్కన సంగటి ముద్దకు పిండి ఇచ్చే రాగి మాత్రం పాత కాపు, తూర్పు ఆఫ్రికా నుంచి వేల ఏళ్ళ కిందటే వచ్చేసింది. తాడిపత్రి వాళ్ళు ‘మా సొంత వంట’ అనే పళ్ళెంలో ఆఫ్రికా, మెక్సికో, దక్షిణ అమెరికా, థాయిలాండ్ కూర్చుని ఉన్నాయి. మిగిలిన సొంతం పొయ్యి, ఓపిక, కోడి కాలి పసుపు.

ఇక ఎముక. కోడి ఎగరడం తక్కువ, నడవడం ఎక్కువ. రోజంతా పనిచేసే కాలి కండకు ప్రాణవాయువును దాచుకునే మయోగ్లోబిన్ అనే పదార్థం ఎక్కువ ఉండాలి. తొడ ముక్క ముదురు రంగుకు కారణం అదే. కండల మధ్య కొవ్వూ, కీళ్ళ దగ్గర నారలూ ఎక్కువే. ఆ నారల్లోని కొల్లాజెన్ డెబ్బై డిగ్రీల పైన గాని కరగడం మొదలెట్టదు. కరిగితే జిలాటిన్ అవుతుంది. పులుసు వేలికి అంటుకునే జిగురు అదే. రొమ్ము ముక్క ఆ వేడికే పీచయిపోతుంది, తొడ అప్పుడే దారిలో పడుతుంది. అందుకే సంగటికి వండే పులుసులో ఎముకతో ఉన్న తొడకు సాటి లేదు. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, లవంగం, చెక్క వేయించి నూరినా, నీళ్ళు పోసి మూత పెట్టాక నిప్పు తగ్గించి కూర్చోవడమే అసలు పని. చింతపండు వేసేవాళ్ళున్నారు, వద్దనేవాళ్ళున్నారు. ఆ తగవు తెగదు.

ముదిరిన పక్షిలో ఆ నారలు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడతాయి. అందుకే పాత ఇల్లాళ్ళు కోడిని కొనేముందు చెయ్యి పెట్టి చూసేవాళ్ళు. రొమ్ము ఎముక కొన వంగితే లేతది, వేపుడుకు పనికొస్తుంది. వంగకపోతే ముదురు, పులుసుకు. పుంజుకైతే కాలి కత్తి పొడవు చూస్తే వయసు తెలిసిపోతుంది. గుడ్లు మానిన పెట్టకు కొవ్వు బాగా పడుతుంది గాని గంటల తరబడి ఉడకాలి. నూనిజ్ చెప్పిన ‘ప్రాణంతో అమ్మాలి’ అనే నియమం వెనక ఉన్నది ఈ చేతి చదువే. వందల ఏళ్ళు నిలిచిన ఆ చదువు నలభై ఏళ్ళలో పోయింది. కోళ్ళన్నీ ఒకే వయసువైనప్పుడు వయసు కనిపెట్టే వేలికి పనేముంది?

ఈ మార్పుకు మూలం 1940ల అమెరికా. ‘రేపటి కోడి’ పేరుతో అక్కడ పోటీలు పెట్టారు, 1948లో జాతీయస్థాయి విజేతలు తేలారు. కార్నిష్, ప్లిమత్ రాక్ జాతుల్ని కలిపి రొమ్ము పెద్దదిగా, పెరుగుదల వేగంగా ఉండే పక్షిని తయారుచేశారు. మన దేశంలో ఆ బాట వేసినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది తెలుగువాడైన బి.వి. రావును. 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టాడు. 1982లో గుడ్డుధర నిర్ణయం రైతు చేతిలో ఉండాలని జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని నిలబెట్టాడు. ఆయన చలవతో పేదవాడి ఇంటికీ కోడి కూర వచ్చింది. ఆ మేలు తక్కువ చేసి మాట్లాడటం పాపం. అయితే నలభై రోజులకు రెండు కిలోలు తూగే పక్షికి ఎముక ముదరదు. పులుసుకు జిగురు వచ్చేలోపే ముక్క విడిపోతుంది. రుచి లేదని జనం మసాలా పెంచారు, మసాలా పెంచాక అసలు రుచి గుర్తుకే రాకుండా పోయింది. ఇక బోన్‌లెస్ బిర్యానీ అడిగే కుర్రాళ్ళ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. వాళ్ళు నమిలి పీల్చే ఎముకను ఏనాడూ చూడలేదు.

తొడ ముక్కకు అంతర్జాతీయ తగవు దాకా వెళ్ళిన చరిత్ర కూడా ఉంది. అమెరికావాళ్ళకు తెల్లని రొమ్ము మాంసం ఇష్టం, కాళ్ళు మిగిలిపోతాయి. 1990లో ఆ మిగులు కాళ్ళు సోవియట్ రష్యాకు పోతే, అక్కడి జనం వాటికి ‘బుష్ కాళ్ళు’ అని అమెరికా అధ్యక్షుడి పేరు పెట్టారు. 2007లో పక్షి జ్వరం పేరుతో భారత్ అమెరికా కోళ్ళను ఆపేసింది. 2012లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కింది, 2015లో భారత్ ఓడిపోయింది. అయినా కోడి కాళ్ళ మీద నూరు శాతం సుంకం అడ్డుగోడలా నిలిచింది. ఇక్కడ పెళ్ళి బంతిలో కొత్తల్లుడి విస్తట్లో లెగ్ పీసు పడకపోతే వియ్యంకులకు మాట పట్టింపు వస్తుంది. అక్కడ అదే ముక్కను ఏ దేశానికి తోసేద్దామా అని చూస్తున్నారు.

మధ్యే మార్గం వెతికినవాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరట్లో తిరిగి బతికే వనరాజా, గ్రామప్రియ రకాల్ని తయారుచేసింది. రంగురంగుల ఈకలతో చూడటానికి అచ్చం నాటుకోడిలాగే ఉంటాయి, నాటుకోడి కంటే త్వరగా బరువెక్కుతాయి. అందుకే వాటిని నాటుకోళ్ళని చెప్పి అంటగట్టే గడుసువాళ్ళకు కొదవ లేదు. ఈకలు చూసి మోసపోయిన ఇంట్లో నాలుగో విజిల్‌కే ముక్క ఎముక వదిలేస్తుంది. అప్పుడు అత్త కోడలి వంక చూస్తుంది, కోడలు మొగుడి వంక చూస్తుంది, మొగుడు వచ్చే ఆదివారం వేరే కొట్టుకు పోతానంటాడు.