కొండకూ ఏటికీ నడుమ ఒక కాలువ: ఒంగోలు మిషను చరిత్రలో ప్రార్థన, పరిచర్య (1854–1878)

తెలుగు బాప్టిస్టు సంఘములలో పెరిగిన వారెవరికైనా ఒంగోలు చరిత్ర రెండు దృశ్యములుగా జ్ఞాపకముంటుంది. మొదటిది 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద జరిగిన ప్రార్థన. రెండవది 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది పొందిన బాప్తిస్మము. ప్రసంగములలోను, సండేస్కూలు పాఠములలోను ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి ఒకటి విత్తనము, మరొకటి పంట అని చెప్పడము వాడుక. ఆ వాడుకను మేము కాదనడము లేదు. అయితే ఆ రెండింటికీ నడుమ ఇరవై నాలుగు సంవత్సరములున్నాయి. వాటి చివర ఒక ఘోరమైన కరువు, ఆ కరువులో తవ్విన ఒక కాలువ ఉన్నాయి. కొండ దిగి నేరుగా ఏటికి నడిచే మన కథనములో ఆ కాలువ కనబడదు. దాని గట్టున కొంతసేపు నిలిచి, అక్కడ జరిగిన పరిచర్య ఎటువంటిదో, దానిని నిజముగా చేసినవారెవరో, ప్రార్థనకూ దానికీ గల సంబంధమేమిటో పరిశీలించాలని కోరుతున్నాము.

ముందుగా కొండ సంగతి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషనుకు ఆద్యుడైన శామ్యూల్ డే 1836లో ఈ దేశము వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పదమూడు సంవత్సరములు గడిచినా ఫలితము వ్రేళ్ళపై లెక్కించదగినంతే. 1853లో ఆల్బనీ నగరములో జరిగిన మిషను వార్షిక సమావేశములో ఈ పనిని మూసివేయడము మేలు కాదా అనే ప్రశ్న లేచింది. పటములో తెలుగు దేశమున ఒకే ఒక మిషను కేంద్రము చుక్కవలె కనబడినందువలన దీనికి 'ఒంటరి నక్షత్రము' అనే పేరు స్థిరపడింది ఆ సమావేశములోనే. మరుసటి జనవరి మొదటి దినమున లైమన్ జ్యూయెట్ దొర కొందరితో కలసి ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించాడు.

ఆ 'కొందరు' ఎవరు? డౌనీ దొర వ్రాసిన మిషను చరిత్ర వారి పేర్లు ఇచ్చింది. జ్యూయెట్ దంపతులు కాక నరసు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు. అంటే ఆ ప్రార్థనలో ఉన్న ఐదుగురిలో ముగ్గురు మనవారు, వారిలో ఇద్దరు స్త్రీలు. మన వేదికల మీద మాత్రము 'జ్యూయెట్ గారి ప్రార్థన' అనే మాటే నిలిచింది. కాలువ దగ్గరకు వచ్చినప్పుడు ఇదే లోపము మరింత పెద్దదిగా కనబడుతుంది గనుక ఇక్కడే గుర్తు చేస్తున్నాము.

ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండు సంవత్సరములు పట్టింది. ఈలోగా 1862లో అమెరికాలో మరల మూసివేత మాట వచ్చినప్పుడు, తాను ఒంటరిగానైనా తిరిగి వెళ్ళి తెలుగువారి మధ్యనే చనిపోతానని జ్యూయెట్ పట్టుబట్టాడు. 1865లో జాన్ ఎవరెట్ క్లౌ నెల్లూరు చేరి, 1866లో ఒంగోలుకు మారాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘము ఏర్పడింది. దానికి ముందే, 1866లోనే, తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందాడు. తోళ్ళ వ్యాపారము చేసుకొనే మాదిగ కులస్థుడు, గురువుల వద్ద యోగమార్గము నేర్చినవాడు. ఆయన తన బంధువుల పల్లెలన్నీ తిరిగి చెప్పిన దానివలననే ఒంగోలు చుట్టుపట్ల కదలిక మొదలైంది.

పట్టణములోని పై కులముల యువకులు కూడా ఆ రోజులలో సువార్త పట్ల ఆసక్తి చూపుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని వారు స్పష్టముగా చెప్పారు. క్లౌ దంపతులు వేర్వేరుగా బైబిలు తెరచి, ఇద్దరూ 1 కొరింథీయులకు మొదటి అధ్యాయము 26వ వచనము దగ్గరే ఆగారని, ఆపై నిర్ణయము మారలేదని క్లౌ స్వయముగా చెప్పిన సంగతి ప్రసిద్ధమే. దీని వెల చెల్లించినది మాత్రము పల్లెలలోని మాదిగ విశ్వాసులు. చచ్చిన పశువుల మాంసము తినమని, జాతరలలో డప్పు కొట్టమని, ఆదివారము పనికి రామని చెప్పిన కుటుంబములకు పనులు ఆగాయి, బావులు మూతపడ్డాయి. ఊరి మీద ఆధారపడి బ్రతికే కూలివాడికి ఇది చిన్న శిక్ష కాదు. కరువు వచ్చినప్పుడు ఊరి గాదె తలుపు మొదట మూసుకొనేదీ ఇటువంటి వారికే.

ఆ కరువును మన పెద్దలు 'ధాత కరువు' అన్నారు. ధాత నామ సంవత్సరములో, అంటే 1876లో, వానలు తప్పిపోయాయి. ఈశ్వర సంవత్సరమంతా అది సాగింది. మద్రాసు రాష్ట్రము, మైసూరు, దక్కను ప్రాంతములలో లక్షలాది మంది ఆకలితోను, దాని వెంట వచ్చిన కలరా మొదలగు రోగములతోను చనిపోయారు. 1877 ఆరంభములో రిచర్డ్ టెంపుల్ దొర పర్యటించి, కరువు పనిలో ఉన్న కూలీకి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపైన కొద్ది పైసలు చాలునని నిర్ణయించాడు. ఆ కూలితో కష్టించే మనిషి బ్రతకడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆకలికి ఎంత ఇవ్వాలన్నది లెక్కల వివాదమైపోయిన కాలము అది.

ప్రభుత్వము కరువు పనులలో భాగముగా తీరము వెంబడి ఉప్పునీటి కాలువను పొడిగించసాగింది. అప్పటి గవర్నరు పేరున దానికే తరువాత బకింగ్‌హాం కాలువ అనే పేరు వచ్చింది. యవ్వనములో అమెరికాలో భూముల సర్వే పని చేసిన క్లౌ, ఆ కాలువలో సుమారు మూడు మైళ్ళ భాగమును తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. రాజుపాలెము వద్ద శిబిరము వేశారు. తాటాకు గుడిసెలు కట్టారు, త్రాగు నీటికి బావులు తవ్వారు. ఒకేసారి మూడు వేల మంది వరకు పని చేశారు. పురుషులు గడ్డపారలతో తవ్వితే స్త్రీలు తట్టలతో మన్ను మోసి గట్టున పోసేవారు. బలహీనులు దారిలోనే పడిపోయేవారు.

మిషనరీ మట్టిపని కాంట్రాక్టు తీసుకోవడమేమిటని ఈనాటి విద్యార్థి ఒకరు మమ్మును అడిగారు. దానము పంచవచ్చు గదా అని ఆయన భావము. దానము కూడా పంచారు; అమెరికా నుండి వచ్చిన సొమ్ము ఖర్చు చేశారు. అయితే మూడు వేల మందిని నెలల తరబడి పోషించే దానము ఎవరి వద్దా లేదు. పని ఉన్నచోట ప్రభుత్వపు డబ్బు ఉంది. ఆ డబ్బు కూలివాని చేతికి పూర్తిగా అందేలా చూడడమే అక్కడ చేయగలిగిన పెద్ద సేవ. మా అభిప్రాయములో క్లౌ ఈ సంగతి గ్రహించడము ఆయన ప్రసంగములన్నిటికంటె విలువైనది.

కూలి అందేలా చూసినవారు స్థానిక బోధకులు. సుమారు ముప్పది మంది బోధకులను క్లౌ మేస్త్రీలుగా నియమించాడు. మామూలు దినములలో వీరు పల్లె నుండి పల్లెకు నడుస్తూ, విశ్వాసులు పెట్టినది తింటూ బోధించేవారు. గురువుకు శిష్యులు అన్నము పెట్టే పాత ఆచారమునే క్లౌ కొనసాగనిచ్చాడు. కరువులో పెట్టే చేయి లేదు గనుక వారూ కాలువకు వచ్చారు. ఒక్కొక్కరి క్రింద కొంతమంది కూలీలు. పేర్లు వ్రాసుకోవడము, పని చూపడము, రోగులను కనిపెట్టడము వారి బాధ్యత. ఆజమాయిషీ చేసేవాడు తమ కులమువాడే, తమ ఊరి పేరు తెలిసినవాడే కావడము ఆ కూలీలకు బహుశా జీవితములో మొదటిసారి. మధ్యాహ్నము విశ్రాంతి వేళ మేస్త్రీ అదే మట్టి మీద కూర్చొని మాట్లాడేవాడు. మత్తయి 11వ అధ్యాయము 28వ వచనమును వారు మళ్ళీ మళ్ళీ చెప్పించుకొనేవారని క్లౌ వ్రాశాడు. తలపై మన్ను తట్ట ఉన్నవారు భారము మోసేవారిని గూర్చిన ఆ పిలుపును ఎలా విన్నారో వ్యాఖ్యాన గ్రంథములు చెప్పలేవు.

ఇప్పుడు మా వ్యాసమునకు కీలకమైన విషయము. బాప్తిస్మము ఇవ్వమని శిబిరములో వందల మంది అడిగారు. క్లౌ ఇవ్వలేదు. 1877 మార్చి మొదలు 1878 జూన్ వరకు, పదునైదు నెలలు, అడిగిన వారినందరినీ ఆపి ఉంచాడు. కూలి డబ్బు తన చేతి మీదుగా వెళుతున్నంతకాలము వచ్చే విశ్వాసములో అన్నము పాలు ఎంతో తనకు తెలియదనే భయము ఆయనది. సంఖ్యలను బట్టి మిషనులను తూచే కాలములో ఇది సులభమైన నిర్ణయము కాదు. అడిగి, కాదనిపించుకొని, కొందరు ఆ లోపలే చనిపోయి ఉండవచ్చు గదా అన్న ఆలోచన ఆయనను బాధించలేదనుకోలేము.

1878 జూన్ నాటికి కాలువ పని, సహాయము ముగిశాయి. ఇక ఇచ్చేదేమీ లేదని తెలిపిన తరువాత కూడా జనము తగ్గలేదు. ఒంగోలుకు ఉత్తరముగా పది మైళ్ళ దూరమున గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్ద గుమిగూడారు. తమకు సహాయము అక్కరలేదనీ, చేతుల మీది బొబ్బలే తాము కష్టపడి తిన్నామనుటకు సాక్ష్యమనీ, మరల పంట పోతే చనిపోతాము గాని క్రైస్తవులుగా చనిపోతామనీ వారు చెప్పుకున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందారు. మూడు దినములలో మొత్తము 3,536. సంవత్సరాంతమునకు ఆ సంఖ్య 9,606కు చేరింది. పంచాంగము ప్రకారము అది బహుధాన్య నామ సంవత్సరము. పల్లెలలో ధాన్యము మాత్రము ఇంకా రాలేదు.

జూలై 3న నీటిలో నిలిచి బాప్తిస్మములిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ఉదయము నుండి సాయంకాలము వరకు, మధ్యాహ్నపు విరామము పోను, ఇచ్చారు. క్లౌ ఆ దినమున ఒక్కరికి కూడా బాప్తిస్మమివ్వలేదు. అయినా ఆ సంఖ్య 'క్లౌ గారి 2,222' గానే లోకమంతటా ప్రచారమైంది.

ఈ చరిత్రను పొగడడముతో సరిపెట్టుకోలేము. కూలి వ్రాసే చేతనే బైబిలు ఉన్నప్పుడు వినేవాడు ఎంత స్వేచ్ఛగా వింటాడు? మేస్త్రీ మాట్లాడుతుంటే లేచిపోయే ధైర్యము ఆకలిగొన్నవాడికి ఉంటుందా? 'అన్నము కొరకు క్రైస్తవులు' అనే నింద ఆనాడే ఉంది. తోటి మిషనరీలలోనే ఇంత వేగముగా చేర్చుకోవడమును సందేహించినవారున్నారు. పదునైదు నెలల నిరీక్షణ ఆ ప్రశ్నకు పూర్తి జవాబని మేము అనము. ఆ ప్రశ్న ఉన్నదని ఒప్పుకున్న జవాబు అది, అంతే. నేడు వరద బాధితులకు పొట్లాలు పంచి, అదే సాయంకాలము కూటము పెట్టి, చేతులెత్తినవారి ఫొటోలు దాతలకు పంపే బృందములను మేము చూశాము. వారిలో ప్రార్థనా ఉంది, స్వచ్ఛంద సేవా ఉంది. ఆగడము మాత్రము లేదు.

మరొక కొరత మూలములది. క్లౌ జీవిత కథనము ఆయన మరణించిన నాలుగు సంవత్సరములకు, 1914లో వెలువడింది. దానిని వ్రాతలో పెట్టినది ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. ఆమెయే 1899లో ప్రచురించిన మరొక గ్రంథములో మాదిగ బోధకుల నోటి మాటలను, వారి గురువుల కథలను, కుటుంబ చరిత్రలను సేకరించింది. పేరయ్య వంటివారిని గూర్చి మనకు తెలిసినదానిలో చాలా భాగము ఆమె చలువే. అంతా ఇంగ్లీషులో, ఒక దొరసాని అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులుగా ఉంది. తట్ట మోసిన స్త్రీ తన మాటలలో చెప్పిన కథనము మాకు దొరకలేదు. ప్రకాశము జిల్లా పల్లెలలోని వృద్ధుల వద్ద తాతల నాటి మాటలు కొన్ని మిగిలి ఉండవచ్చు. మన వేదాంత కళాశాలల విద్యార్థులు సెలవులలో ఒక నోటు పుస్తకముతో ఆ పల్లెలకు వెళితే బాగుంటుందని మా మనవి, వృద్ధులు తగ్గిపోతున్నారు.

కాలువను గూర్చి ఒక్క మాట మిగిలింది. రైళ్ళు, లారీలు వచ్చాక పడవల రాకపోకలు తగ్గి, చాలాచోట్ల అది పూడిపోయింది. 2004 డిసెంబరు 26న సునామీ అల మన తీరమును తాకినప్పుడు, ముందుకు వచ్చిన సముద్రపు నీరు బకింగ్‌హాం కాలువలో నిండి, కొద్ది నిమిషములలో వెనుకకు మళ్ళిందనీ, దానివలన ఆంధ్ర తీరమున కాలువకు ఇవతల ఉన్న అనేక మంది ప్రాణములు దక్కాయనీ 2005లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ఒక శాస్త్రజ్ఞుడు వ్రాశాడు. ఆ కాలువలో మూడు మైళ్ళు ధాత కరువులో ఆ కూలీలు తవ్వినవి.