గోదావరి డెల్టా వెండి నగలు

ధవళేశ్వరం దిగువన కాలువలు పారే ఊళ్ళల్లో పాతకాలపు ఒంటి నగల్లో వెండిది పెద్ద పాలు. ఆడవారికి కాలి కడియాలు, అందెలు, మట్టెలు, దండకడియాలు, వడ్డాణం. మగవారికి మొలతాడు, ముంజేతి మురుగు, సున్నపుకాయ, చేతికర్రకు వెండి పొన్ను. ఆడపిల్లలకు సిగ్గుబిళ్ళ, మొలగజ్జెలు. వీటిని అలంకారాలుగా మాత్రమే వర్ణించడం పరిపాటి. కానీ వీటిని తూచిన తీరు, చేసిన తీరు, ఇవి మాయమైన తీరు చూస్తే ఇవి మొదట ఇంటి నిల్వ, ఆ తర్వాతే సింగారం అని ఒప్పుకోవలసి వస్తుంది.

మొదటి సాక్ష్యం కొలతలోనే ఉంది. 1835 నుంచి ఈస్టిండియా కంపెనీ రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే సుమారు 11.66 గ్రాములు, తులం బరువూ అంతే. ఆ రూపాయిలో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. కనుక కంసాలి తక్కెడలో రూపాయే తూకపురాయి, కుంపటి మీది మూసలో రూపాయే ముడిసరుకు. 20 రూపాయలు కరిగిస్తే, తరుగు పోను, ఇంచుమించు 20 తులాల కడియాల జత. గోదావరి జిల్లాల్లో బంగారాన్ని ఇవాళ్టికీ కాసుల్లో అడుగుతారు. ఆ కాసు సుమారు 8 గ్రాముల సవరను నాణెం బరువే. నగకూ నాణేనికీ ఉన్న పాత చుట్టరికం మాటలో అలా నిలిచిపోయింది.

ఈ జిల్లాల్లో వెండి గనులు లేవు. సరుకు అమ్మితేనే వెండి వచ్చింది. ముందు పాలకొల్లులో డచ్చివారు, ఇంజరంలో ఇంగ్లీషువారు, యానాంలో ఫ్రెంచివారు కొన్న నేతబట్టలకు. ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత ధాన్యానికి. బ్యాంకు లేని ఊళ్ళో పండిన ఏడు మిగులు కడియమైంది, ఎండిన ఏడు ఆ కడియమే తాకట్టుకు వెళ్ళింది. 1893లో, జనం తెచ్చే వెండిని రూపాయలుగా ముద్రించడాన్ని ప్రభుత్వం టంకశాలల్లో ఆపేసింది. అంతవరకూ కడియంలోని వెండికీ రూపాయికీ విలువ దాదాపు ఒకటే. ఆపైన రూపాయికి ముద్ర దన్ను, కడియానికి బజారు ధరే గతి. ఇది పేదింటి ఆడవారి స్త్రీధనం మీద పడిన దెబ్బ. చరిత్ర పుస్తకాలు దీన్ని పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు.

నిల్వ కోసమే అయితే అంత పనితనం ఎందుకని అడగవచ్చు. ఒక కడియాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే జవాబు దొరుకుతుంది. లావు కడ్డీ ఒళ్ళంతా నున్నగా ఉంటుంది. మొసలి మూతి, నాగపడగ, పూమొగ్గ లాంటివి కొసల దగ్గర, శీల బిగించే చోట మాత్రమే కనిపిస్తాయి. కమ్మచ్చులో లాగిన తీగ, వెలిగారంతో అతికిన గుళ్ళు, చింతపండుతో తేల్చిన తెలుపు: ఇదంతా అసలు బరువును తగ్గించని చోటే జరిగింది. కాకసస్ అంచున కుబాన్, తెరెక్ కొసాక్కుల వెండితో పోలిస్తే తేడా స్పష్టం. వారి నడికట్టు, కింజాల్ (బాకు) ఒర, రొమ్ము మీది తూటా గొట్టాల మూతలు నల్లని చెక్కడంతో నిండి ఉంటాయి. దాగెస్తాన్‌లోని కుబాచి పనివారు అందుకు పేరుపొందారు. అక్కడ వెండి సైనికుడి హోదాను చాటింది, కాబట్టి ఎదుటివారి కంటికి ఆనడం ముఖ్యం. ఇక్కడ ముఖ్యం తక్కెడకు ఆనడం.

బంగారం కొనలేకే వెండి పెట్టుకున్నారన్నది రెండో అభ్యంతరం. అందులో కొంత నిజం ఉంది. కానీ బంగారం లక్ష్మి, కాలికి తగలకూడదన్న నమ్మకం డబ్బున్నవారి ఇళ్ళల్లోనూ ఉంది. అందుకే కాసులపేరు వేసుకున్న మెడకైనా కింద వెండి మట్టెలే. అయితే మట్టెలు మాత్రం నా వాదానికి లొంగవు. పెళ్ళినాడు తొడిగిన వాటిని భర్త ఉండగా అమ్మరు, కుదువ పెట్టరు. వాటిని నిల్వ అనలేం.

మిగతావి చాలామట్టుకు కరిగిపోయాయి. పాత నగ ఇచ్చి కొత్తది తీసుకునేటప్పుడు లెక్కకు వచ్చేది తూకమూ తరుగూ. పనితనానికి పైసా కట్టరు. వీటి మీద చేసినవారి పేరో ఏడో సాధారణంగా ఉండదు కాబట్టి మిగిలినవాటి వయసు చెప్పడమూ కష్టమే. అమ్మకానికి పోని మట్టెలు కూడా ఏళ్ళ తరబడి గచ్చు మీద రాసుకుని, మీది గీతలు చెరిగి, పలచబడ్డాక కొత్త జతకు మార్పిడిగా కంసాలి మూసలోకే వెళ్ళాయి.