పేజ్‌మేకర్ని బెజవాడ ఎందుకు వదల్లేదు?

విజయవాడ ప్రెస్సుల గురించి మన సాఫ్ట్‌వేర్ మిత్రులు కొందరు ఒక జోకు వేస్తుంటారు: "ఇంకా పేజ్‌మేకరేనా? వీళ్ళని మ్యూజియంలో పెట్టాలి" అని. ఆ జోకు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ముప్ఫై ఏళ్ళ బట్టీ కంప్యూటర్లు వాడుతున్నాను, అందులో చాలా ఏళ్ళు వాటి మీదే బతుకుతున్నాను. నాకు తెలిసినంతలో బెజవాడ డీటీపీ ఆపరేటర్ కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారకపోవడానికి కారణం అతని బద్ధకం కాదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళ లెక్కలో తెలుగు లేకపోవడం. ఊరికే అనడం లేదు, ఏ సంవత్సరంలో ఏం జరిగిందో వరసగా చెప్తాను, మీరే తేల్చుకోండి.

ముందు సీసం అక్షరాల రోజుల సంగతి. విశాలాంధ్ర దినపత్రిక 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో, ప్రజాశక్తి దినపత్రిక 1981లో విజయవాడలోనే మొదలయ్యాయి. ఏలూరు రోడ్డు పొడుగునా పుస్తకాల షాపులు, గవర్నరుపేట, గాంధీనగర్ సందుల్లో ప్రెస్సులు. నవలలు, స్కూలు గైడ్లు, పంచాంగాలు, వ్రతకథలు, శుభలేఖలు – అన్నీ అక్కడే అచ్చయ్యేవి. ఇంగ్లీషు కంపోజిటర్‌కి పెద్ద బడి, చిన్న బడి, అంకెలు కలిపినా వందకి కాస్త అటూ ఇటూగా గళ్ళుంటే సరిపోతుంది. తెలుగు కంపోజిటర్‌కి గుణింతాలు, వత్తులు కలుపుకుని వందల గళ్ళు కావాలి. ఏ గడిలో ఏ అక్షరం ఉందో చేతికి కంఠతా వచ్చి ఉండాలి. అంత నేర్చుకున్న మనుషులకి "కొత్తది నేర్చుకోవడం చేతకాదు" అనే మాట అంటగట్టడం అన్యాయం.

1985లో ఆల్డస్ కంపెనీ మెకింటాష్ కోసం పేజ్‌మేకర్ విడుదల చేసింది. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే మాట ప్రచారంలోకి వచ్చింది దానితోనే. 1990ల్లో అది అసెంబుల్డ్ పీసీలతో పాటు గుడివాడ, మచిలీపట్నం, తెనాలి దాకా పాకింది. తెలుగు కోసం పైన అను స్క్రిప్ట్ మేనేజరో శ్రీలిపో వేసుకునేవాళ్ళు. లేజర్ ప్రింటర్లో ట్రేసింగ్ పేపరు మీద పేజీ తీస్తే నేరుగా ఆఫ్‌సెట్ ప్లేటుకి వెళ్ళిపోయేది. సీసం అక్షరాలు పేర్చి, దారం కట్టి, ప్రూఫు తీసి, మళ్ళీ విప్పే బాధ పోయింది. పేజ్‌మేకర్‌ని మనవాళ్ళు ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో అర్థం కావాలంటే ఈ సుఖం గుర్తుంచుకోవాలి.

కానీ అందులో ఒక మెలిక ఉంది. పేజ్‌మేకర్‌కి తెలుగు రాదు. దానికి తెలిసిందల్లా ఒక్కో అక్షరానికి ఒక్కో బైటు, అంటే మొత్తం 256 గళ్ళు. కంట్రోల్ కోడ్లు తీసేస్తే ఇంకా తక్కువ. అందులో తెలుగు గుణింతాలు ఎలా పడతాయి? అందుకని ఫాంటు చేసినవాళ్ళు అక్షరాలని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒకటి, కొమ్ము ఒకటి, వత్తులు విడిగా. ఇంగ్లీషు అక్షరాలుండాల్సిన గళ్ళలో ఈ ముక్కలు పెట్టారు. తెర మీదా కాయితం మీదా అది ముచ్చటైన తెలుగు. ఫైలు లోపల మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే కనిపించేది ఆ గుంపే.

దీన్ని నేను తప్పు పట్టను. వాళ్ళకున్న చోటులో అంతకంటే ఎవరూ చెయ్యలేరు. కానీ దాని ధర చూడండి. అందులో ఒక మాట వెతకాలంటే తిప్పలు. అకారాది వరస పెట్టలేం. అచ్చుతప్పులు పట్టే ప్రోగ్రామ్ రాయలేం. ఒక కంపెనీ ఫాంటులో కొట్టింది ఇంకో కంపెనీ ఫాంటుకి పనికిరాదు. వార్తాపత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడూ ఇదే కథ. ఈనాడుది ఒక సొంత ఫాంటు, ఇంకో పత్రికది ఇంకో ఫాంటు. సెర్చ్ ఇంజన్‌కి అందులో ఒక్క తెలుగు ముక్క కనపడేది కాదు.

"అప్పటికి ఇంకో దారి లేదు కదా" అనొచ్చు మీరు. ఉంది. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా పనికొచ్చే ఇస్కీ కోడుని 1991లో మన ప్రభుత్వమే జాతీయ ప్రమాణం చేసింది. సీడాక్ వాళ్ళ జిస్ట్ కార్డు కంప్యూటర్లో పెడితే అది పనిచేసేది. అదే 1991 అక్టోబరులో యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది, అందులో తెలుగుకి 128 గళ్ళు కేటాయించారు. అక్షరం పలికే వరసలో దాచిపెట్టు, ముక్కలు అతికించే పని సాఫ్ట్‌వేర్‌కి వదిలెయ్యి – ఇదీ యూనికోడ్ పద్ధతి. మరి ఆ అతికించే పని చేసే సాఫ్ట్‌వేర్ ఏదీ?

విండోస్ 2000లో హిందీ, తమిళం వచ్చాయి. తెలుగు రాలేదు. గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. అంటే ప్రమాణం వచ్చిన పదేళ్ళకి! అదీ నేరుగా కాదు. కంట్రోల్ పానెల్లో రీజనల్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ దగ్గర టిక్కు పెడితే, "ఎక్స్‌పీ సీడీ పెట్టు" అని అడిగేది. అసెంబుల్ చేసి అమ్మినవాడు సీడీ ఎక్కడిచ్చాడు? విండోస్ 98 వాళ్ళ సంగతి మరీ దారుణం, యూఎస్‌పీ10 డీఎల్ఎల్ ఎక్కణ్ణుంచో సంపాదించుకుని పాతదాని స్థానంలో పెట్టుకోవాలి. చదువుకున్న ఇంజనీర్లమే తంటాలు పడ్డాం, శుభలేఖలు వేసుకునే మనిషి పడతాడా?

మరి పేజ్‌మేకర్? 1994లో ఆల్డస్‌ని అడోబీ కలిపేసుకుంది. 2001లో 7వ వెర్షనుతో పేజ్‌మేకర్ ఆగిపోయింది, ఇక అభివృద్ధి లేదని 2004లో చెప్పేశారు. చివరిదాకా దానికి యూనికోడ్ రాలేదు. "ఇన్‌డిజైన్‌కి మారండి" అన్నారు. సరే, మారదాం. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఉంది కానీ తెలుగు వత్తులు, గుణింతాలు సరిగ్గా పడేవి కావు. 2008లో వచ్చిన సీఎస్4లో మన లిపుల్ని పేర్చగల యంత్రాంగం లోపల పెట్టారు, కానీ మామూలు ఇంగ్లీషు వెర్షన్లో దాన్ని ఆన్ చేసుకోవడానికి మెనూలో మీటే లేదు! తెలుగుతో సహా పది భారతీయ భాషలకి పనిచేస్తుందని బయటికి చెప్పింది 2012లో, సీఎస్6తో. అప్పుడు కూడా స్క్రిప్ట్స్ పానెల్ తెరిచి, ఒక జావాస్క్రిప్ట్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తేనే.

ఇంకో విడ్డూరం చూడండి. పాత పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరవగలిగిన ఆఖరి ఇన్‌డిజైన్ కూడా ఆ సీఎస్6 యే. 2013లో వచ్చిన సీసీలో ఆ సౌకర్యం ఎత్తేశారు. అంటే తెలుగు సరిగ్గా వచ్చిన ఏడాదికే పాత ఫైళ్ళు తెరుచుకునే తలుపు మూసేశారు. ఇరవై ఏళ్ళ పని పాత ఫైళ్ళలో ఉన్న ప్రెస్సువాడు ఏం చేస్తాడు? పాత కంప్యూటర్ని చంటిబిడ్డలా చూసుకుంటాడు.

ఈ మధ్యకాలంలో తెలుగుని నిలబెట్టింది కంపెనీలు కాదు, పని అయ్యాక రాత్రుళ్ళు కూర్చున్న మనుషులు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో మన కుర్రాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ తయారుచేశారు. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు ఊరికే ఇచ్చారు. వెన్న నాగార్జున 2003లో తెలుగు వికీపీడియాకి అంకురం వెయ్యడమే కాకుండా, పత్రికల సొంత ఫాంట్లని యూనికోడులోకి మార్చి చూపించే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత రాశారు. 2006లో వీవెన్ లేఖినితో ఏ ఇన్‌స్టాలేషనూ లేకుండా తెలుగు రాసే వీలు కల్పించారు. 2012 డిసెంబరులో తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభలప్పుడు ప్రభుత్వమూ సిలికానాంధ్రా కలిసి స్వేచ్ఛగా వాడుకునే ఫాంట్లు విడుదల చేశాయి. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారి పేర 'మండలి' ఫాంటు ఉంది చూడండి, ఆ వరసలోదే.

అలాంటి స్వచ్ఛంద పని కూడా ఎంత బలహీనమైన నేల మీద నిలబడిందో చెప్తాను. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది, పాత పద్ధతి పొడిగింతలన్నీ ఒక్క దెబ్బకి ఆగిపోయాయి. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, భద్రత, వేగం. కానీ జీతం లేకుండా రాసినవాణ్ణి "మళ్ళీ మొదట్నించీ రాయి" అంటే ఎన్నిసార్లు రాస్తాడు?

2018 ఫిబ్రవరిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఐఓఎస్ 11.2.5 లో ఒక తెలుగు అక్షరం వస్తే మెసేజీల యాప్ కుప్పకూలింది. 'జ్ఞా', మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌తో. ఫిబ్రవరి 19న 11.2.6 తో సరిచేశారు. ప్రపంచమంతా "ఐఫోన్‌ని చంపే తెలుగు అక్షరం" అని నవ్వుకుంది. నవ్వాల్సింది అక్షరాన్ని చూసా, పరీక్షించకుండా వదిలినవాణ్ణి చూసా? ఆ నాన్ జాయినర్ ఏదో వింత వస్తువు కాదు. 'సాఫ్ట్‌వేర్' అనే మాటని తెలుగులో ట కింద వ వత్తు పడకుండా రాయాలంటే అదే కావాలి!

రెండో వైపు కూడా చెప్పాలి కదా. "మీవాళ్ళు కొన్నారా? అంతా దొంగ కాపీలేగా" అంటారు కంపెనీల వాళ్ళు. నిజమే, దొంగ కాపీలు విపరీతంగా ఉండేవి. కానీ కొన్నవాడి గతి ఏమైంది? నాకు తెలిసిన ఒక ప్రెస్సులో డబ్బు కట్టి ఒక తెలుగు ప్యాకేజీ కొన్నారు (పేరు అనవసరం). పాత ప్రింటర్ పోర్టుకి డాంగిల్ తగిలిస్తేనే అది తెరుచుకుంటుంది. కొన్నాళ్ళకి కంప్యూటర్ పోయింది, కొత్తదానికి ఆ పోర్టే లేదు. కొన్నవాడు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు, దొంగ కాపీ పెట్టుకున్న పక్కషాపాయన హాయిగా పని చేసుకున్నాడు. ఇక మార్కెట్ అంటారా, 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 8 కోట్ల పైమాటే.

ఇదంతా పాత కక్షలు తవ్వుకోవడానికి చెప్పలేదు. పోతున్నదేంటో చూడండి. 1950ల నాటి పుస్తకంలో ఉన్నది కాయితమే, స్కాన్ చేసుకుంటాం. 1990ల నుంచి వచ్చిన పుస్తకాలు మాత్రం ఎవరో కూర్చుని కంప్యూటర్లో కొట్టినవి, ఇంకెవరో ప్రూఫులు దిద్దినవి. ఆ అక్షరాలన్నీ ఇప్పటికే ఫైళ్ళలో ఉన్నాయి. అయినా ఈ పుస్తకం యూనికోడులో కావాలంటే, అచ్చయిన ప్రతిని స్కాన్ చేసి ఓసీఆర్‌కి ఇస్తున్నారు, లేదా మళ్ళీ మొదట్నించీ టైపు చేయిస్తున్నారు. ఈలోగా ఆ ఫైళ్ళున్న సీడీలు పాడవుతున్నాయి, హార్డ్ డిస్కులు పాత సామాన్ల వాడికి పోతున్నాయి.

మనం చెయ్యగలిగినవి ఉన్నాయి. అను నుంచి యూనికోడుకి మార్చే ప్రోగ్రాములు వచ్చాయి, కానీ ఏ ముక్క ముందు, ఏ ముక్క తరవాత అనేది ఫాంటుని బట్టి మారుతుంది కాబట్టి వత్తుల దగ్గర తప్పులు పడతాయి, మనిషి కూర్చుని దిద్దాలి. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీకు తెలిసిన ఒక్క ప్రచురణకర్తని పాత ఫైళ్ళ కాపీ అడగండి. ఫైళ్ళతో పాటు ఆ ఫాంట్లూ తీసుకోవడం మర్చిపోకండి, అవి లేకపోతే ఏ గడి ఏ ముక్కో తెలియదు. వాటి మీద పనిచేసే ప్రోగ్రామ్ రాస్తే నలుగురికీ పనికొచ్చేలా బయట పెట్టండి. ఆఫీసులో ఒక పాత ఫార్మాట్‌ని తీసేద్దామనే మాట వస్తే, అందులోంచి బయటపడే దారి ముందు పెట్టమని పట్టుబట్టండి. అవతల ఒక గవర్నరుపేట ప్రెస్సు ఉండొచ్చు.

పేజ్‌మేకర్ వాడేవాణ్ణి చూసి నవ్వే ముందు ఇంకో పని. మీరు పోయిన వారం విడుదల చేసిన అప్లికేషన్లో 'స్వాతంత్ర్యం' అని టైపు చేసి, ఆ మాటని వెతికి, ఒకసారి బాక్‌స్పేస్ కొట్టి చూడండి.